తీర పునరుద్ధరణలో స్వచ్ఛంద శ్రమ: లెక్క ఎక్కడ తప్పుతోంది

2004 డిసెంబరు సునామీ తరువాత శ్రీలంక తీరం పొడవునా మడ మొక్కలు నాటే కార్యక్రమాలు పెద్ద ఎత్తున సాగాయి. మడ అడవి ఉన్నచోట అలల ఉద్ధృతి తగ్గుతుందన్న నమ్మకంతో ప్రభుత్వ శాఖలు, సహాయ సంస్థలు, తీర గ్రామాల ప్రజలు కలిసి బురదలోకి దిగారు. కొన్నేళ్ల తరువాత పరిశోధకులు ఆ దేశంలోని 23 చోట్లకు వెళ్లి, నాటినవాటిలో ఏవి మిగిలాయో పరిశీలించారు. 2017లో ప్రచురితమైన ఆ అధ్యయనం ప్రకారం దాదాపు 1,000 నుంచి 1,200 హెక్టార్లలో పునరుద్ధరణకు పూనుకోగా, విజయవంతమైనది 200 నుంచి 220 హెక్టార్లలో మాత్రమే. తొమ్మిది చోట్ల ఒక్క మొక్క కూడా మిగల్లేదు. సగానికి పైగా మొక్కలు బతికిన చోట్లు మూడే.

ఈ అంకెలను ఎత్తిచూపడం ఆ మనుషుల చిత్తశుద్ధిని శంకించడానికి కాదు. వారి శ్రమ విలువ తెలిసినవారినే ఈ అంకెలు ఎక్కువ బాధపెడతాయి. మొక్కలు చనిపోవడానికి పరిశోధకులు చూపిన కారణాలలో అనువుగాని స్థలం, అనువుగాని జాతి, నేల ఎత్తుపల్లాలను పట్టించుకోకపోవడం, పశువులు తొక్కడం, మేయడం, లేత మొక్కలపై నాచు పేరుకుపోవడం వంటివి ఉన్నాయి. నాటిన తరువాత ఎవరో ఒకరు తిరిగి వచ్చి చూసుకున్న చోట్ల మాత్రం బతికిన మొక్కల శాతం స్పష్టంగా ఎక్కువగా ఉంది. తీర పర్యావరణ పరిరక్షణలో స్వచ్ఛంద కార్యకర్తల పాత్ర గురించి ఆలోచించవలసింది ఇక్కడి నుంచే. ఒక రోజుకు వందల మందిని పోగుచేయడం ఏ సంస్థకైనా సాధ్యమే. ఒకే చోటికి పదేళ్లపాటు తిరిగి తిరిగి వచ్చి, అక్కడ ఏం మారిందో గమనించడం మాత్రం ఆ తీరంతో అనుబంధం ఉన్నవారికే సాధ్యం. అయినా కార్యక్రమాల నివేదికలు ఎంతమంది వచ్చారు, ఎన్ని మొక్కలు నాటారు, ఎన్ని టన్నుల చెత్త ఎత్తారు అన్నవాటినే లెక్కిస్తాయి. దేన్ని లెక్కిస్తామో దానికోసమే పని జరుగుతుంది కనుక, ఆ లెక్క చివరికి తీరం మీద జరిగే పనినే మార్చేస్తుంది.

ఫిలిప్పీన్స్ అనుభవం దీన్ని స్పష్టంగా చూపుతుంది. అక్కడ దశాబ్దాలపాటు సాగిన మడ పెంపకాన్ని జుర్గెన్ ప్రిమవెరా, మరొక శాస్త్రవేత్త కలిసి 2008లో సమీక్షించినప్పుడు, భారీగా నిధులు ఖర్చయినా దీర్ఘకాలంలో బతికినవి సాధారణంగా 10 నుంచి 20 శాతమేనని తేలింది. ఎక్కువచోట్ల నాటినది ఉప్పుపొన్న జాతి. దాని కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవాటి పుల్లలా వేలాడుతుంది. నర్సరీ అక్కరలేకుండా ఏరి తెచ్చి బురదలో గుచ్చితే నాటడం పూర్తయినట్టే. కానీ సముద్రానికి ఎదురుగా ఉండే అంచున సహజంగా నిలబడేవి తెల్లమడ, సొన్నెరేషియా వంటి జాతులు; ఉప్పుపొన్న వాటి వెనుక, కాలువల ఒడ్డున, అలల తాకిడి తగ్గిన చోట పెరుగుతుంది. మడకు నిజంగా అనువైన నేలలు అప్పటికే చేపల చెరువులుగా మారిపోయి ఉండటంతో, ఎవరి అభ్యంతరమూ లేని చోటు వెతుక్కుని, నీరు వెనక్కి తీసినప్పుడు బయటపడే బురద మైదానాల్లోనూ, కొన్నిచోట్ల సముద్రపు గడ్డి పెరిగే నేలలోనూ నాటారు. అవి మడ అడవి సహజంగా పెరగని చోట్లు. నాటిన మొక్క చావడం ఒక నష్టం. వలస పక్షులు తిండి వెతుక్కునే మైదానమూ, చేపపిల్లలు తలదాచుకునే గడ్డి నేలా తొక్కిడికి గురికావడం మరో నష్టం. సులువుగా చేతికందే విత్తనం, తగాదా లేకుండా దొరికే నేల కలిసి, అడవికి ఏం కావాలన్న ప్రశ్నను పక్కకు నెట్టేశాయి.

మడ చెట్టు ఉప్పునీటిలో పెరుగుతుందంటే ఎప్పుడూ నీటిలోనే ఉంటుందని అర్థం కాదు. ఫ్లోరిడాలో దశాబ్దాలపాటు మడ పునరుద్ధరణపై పనిచేసిన జీవశాస్త్రవేత్త రాబిన్ లూయిస్ లెక్క ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న మడ నేల మొత్తం కాలంలో దాదాపు 30 శాతం సేపే నీట మునిగి ఉంటుంది. మిగిలిన సమయంలో వేళ్లకు గాలి తగలాలి. నేల మట్టం కొద్ది సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా ఈ నిష్పత్తి తప్పుతుంది. అందువల్ల ఆయన పద్ధతిలో మొక్క నాటడం చివరి పని, చాలాసార్లు అవసరమే పడని పని. ముందు దగ్గరలో బతికి ఉన్న మడ అడవి ఏ ఎత్తులో ఉందో, పోటు నీరు ఎంతవరకు వచ్చి ఎంతసేపు ఉంటుందో కొలవాలి. తరువాత నీటి రాకపోకలకు అడ్డుపడుతున్న కట్టనో, మెరకనో, పూడికనో తొలగించాలి. దగ్గరలో తల్లిచెట్లు ఉంటే విత్తనం పోటుతో తానే వస్తుంది. ఫ్లోరిడాలోని వెస్ట్ లేక్ ప్రాంతంలో నేల మట్టాన్ని, నీటి దారులను సరిచేయగానే మడ మొక్కలు నాటనవసరం లేకుండానే అక్కడి మూడు జాతులూ తిరిగి వచ్చాయి.

తమిళనాడులోని పిచ్చావరం అడవి కథా ఇలాంటిదే. వలస పాలన కాలంలో ఆ అడవిని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగాన్ని పూర్తిగా నరికే పద్ధతి అనుసరించారు. చెట్లు పోయిన నేల ఎండకు ఆరి, కుంగి, తొట్టిలా మారింది; లోపలికి వచ్చిన పోటు నీరు తిరిగి పోలేక నిలిచి, ఆవిరై, మట్టిలో ఉప్పు పేరుకుంది. అలాంటి నేలలో ఎన్నిసార్లు నాటినా ఫలితం ఉండదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, చుట్టుపక్కల గ్రామాల ప్రజలు కలిసి ఒక ప్రధాన కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వారు. చేప ముల్లు ఆకారంలో ఉన్న ఆ కాలువల గుండా ఆటుపోట్లు తిరిగి ఆడటంతో ఉప్పు తగ్గి, మొక్కలు నిలదొక్కుకున్నాయి. ఈ పద్ధతిలో స్వచ్ఛంద శ్రమకు పని తగ్గదు, పని స్వభావం మారుతుంది. కాలువలు పూడుకుపోతూనే ఉంటాయి. పూడిక తీయాలి, నీటి మట్టం చూడాలి, పశువులు రాకుండా కాపలా ఉండాలి. నాటే రోజుకు వచ్చినంత మంది ఆ పనికి రారు.

ఇసుక దిబ్బల దగ్గర పని మరింత ఓర్పు కోరుతుంది, ఎందుకంటే అక్కడ చేయవలసిన దానికన్నా చేయకూడనిదే ఎక్కువ. తీరపు దిబ్బ కదలకుండా పడి ఉండే గుట్ట కాదు. గాలికి కొట్టుకొచ్చే ఇసుక మొక్కల మధ్య చిక్కుకుని ఆగుతుంది; ఇసుక కప్పేకొద్దీ మొక్క పైకి పాకుతుంది; పాకేకొద్దీ ఇంకా ఇసుకను పట్టుకుంటుంది. ఉష్ణమండల తీరాల్లో బాలబంద తీగ, రావణాసురుని మీసాలు అని పిలిచే ముళ్లగడ్డి ఈ పని చేస్తాయి. తుపాను వచ్చినప్పుడు అలలు దిబ్బ ముందు భాగాన్ని కోసుకుపోతాయి. ఆ ఇసుకలో చాలా భాగం ఒడ్డుకు కాస్త దూరంలో నీటి అడుగున మెరకగా పేరుకుని, వెనుక వచ్చే అలల బలాన్ని విరుస్తుంది. సముద్రం నెమ్మదించిన నెలల్లో మెల్లగా తిరిగి ఒడ్డుకు చేరుతుంది. ఈ ఏర్పాటంతా మొక్కల మీద ఆధారపడి ఉంది. అవి ఉప్పుగాలిని, ఎండను, ఇసుకలో కూరుకుపోవడాన్ని తట్టుకుంటాయి, కానీ మనిషి పాదాన్ని, వాహనం చక్రాన్ని తట్టుకోలేవు. ఒకే బాటన రోజూ నడిచే మనుషులు ఉంటే ఆ బాట వెంట మొక్క చచ్చిపోతుంది, గాలి అక్కడ గాడి కోస్తుంది, ఆ గాడి పెరిగి దిబ్బకు గండిగా మారుతుంది.

అందుకే దిబ్బల పునరుద్ధరణ సాధారణంగా కంచెతో, నడక దారితో మొదలవుతుంది. న్యూజిలాండ్‌లోని బే ఆఫ్ ప్లెంటీ తీరంలో 1990ల నుంచి కోస్ట్ కేర్ పేరుతో స్థానిక ప్రజలు, పాలక మండళ్లు కలిసి చేస్తున్న పని ఇదే: మనుషుల నడకను కొన్ని దారులకు పరిమితం చేయడం, ఇసుకను పట్టుకునే స్థానిక జాతులైన స్పినిఫెక్స్, పింగావోలను తిరిగి నాటడం, బయటి జాతులను ఏరివేయడం. బయటి జాతుల చరిత్రలో ఒక హెచ్చరిక దాగి ఉంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 1946 నుంచి 1968 వరకు దిబ్బలను నిలబెట్టాలన్న సదుద్దేశంతోనే దక్షిణాఫ్రికా మొక్క బిటూ బుష్‌ను ప్రభుత్వమే నాటించింది. అది తీరం పొడవునా పాకి, స్థానిక మొక్కలను కమ్మేసి, ఇవాళ ఆ దేశం జాతీయ స్థాయిలో గుర్తించిన ప్రమాదకర కలుపు మొక్కల జాబితాలో ఉంది. ఒక తరం తీరాన్ని కాపాడటానికి నాటినదాన్ని తరువాతి తరాల స్వచ్ఛంద బృందాలు పెరికివేస్తున్నాయి.

పెరకడంలోనూ పద్ధతి ఉందని చూపినవారు సిడ్నీకి చెందిన జోన్, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్లు. 1960ల నుంచి వారు హార్బర్ ఒడ్డునున్న అడవిలో చేతి పనిముట్లతో కలుపు తీస్తూ మూడు నియమాలు ఏర్పరచుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న చోట మొదలుపెట్టి కలుపు దట్టంగా ఉన్న వైపుకు వెళ్లాలి. నేలను వీలైనంత తక్కువగా కదిలించి, తీసిన చోట ఆకుచెత్తను తిరిగి పరచాలి. స్థానిక మొక్కలు తిరిగి మొలిచే వేగాన్ని మించి కలుపు తీయకూడదు. మూడో నియమం ఆవేశంతో వచ్చిన బృందానికి మింగుడుపడటం కష్టం. ఒక్క ఆదివారంలో ఎకరం నేల బోడిగా చేస్తే పని జరిగినట్టు కళ్లకు కనిపిస్తుంది, కానీ ఖాళీ అయిన నేలను ముందుగా ఆక్రమించేది మళ్లీ కలుపే. తీర పునరుద్ధరణ మీద వచ్చిన ఆలోచనల్లో ఇంతకన్నా నిజాయితీ గలది అరుదు: మనిషి పని వేగాన్ని నిర్ణయించే అధికారాన్ని మొక్కకే వదిలేశారు.

సముద్రపు ఒడ్డున చెత్త ఏరడం ఎక్కువమందికి పరిచయమైన సేవ. దాన్ని చిన్నచూపు చూడటం తగదు. 1986లో టెక్సాస్ తీరంలో లిండా మరానిస్, కాథీ ఓహారా 2,800 మందితో మొదలుపెట్టిన కార్యక్రమం అంతర్జాతీయ తీర శుభ్రతా కార్యక్రమంగా విస్తరించింది. దానిలో అసలు విశేషం సంచుల్లోకి ఎత్తిన చెత్త కాదు, ప్రతి వస్తువునూ కార్డు మీద నమోదు చేయించిన తీరు. ఏం వచ్చింది, ఎంత వచ్చింది అన్న వివరం ఉంటేనే అది ఓడల నుంచి వచ్చిందా, కాలువల నుంచి వచ్చిందా, ఏ రకం ప్యాకింగ్ ఎక్కువగా ఉంది అన్నవి తెలుస్తాయి. నియంత్రణ కోసం అడగడానికి ఆధారం దొరుకుతుంది. లెక్క రాయని శుభ్రత తరువాతి పోటుతో చెరిగిపోతుంది.

శుభ్రతకు హద్దు కూడా తెలియాలి. అలలు ఒడ్డుకు తెచ్చిపడేసే నాచు, సముద్రపు గడ్డి, కొయ్య ముక్కలు చూడటానికి చెత్తలా ఉంటాయి. ఆ కుళ్లే వరుసలోనే ఇసుక గెంతుడు పురుగులు, చిన్న కీటకాలు బతుకుతాయి. వాటిని తిని తీరపు పక్షులు బతుకుతాయి. ఎగిరే ఇసుక దాని దగ్గరే ఆగి, కొత్త దిబ్బకు పునాది పడుతుంది. యంత్రాలతో గీకి శుభ్రం చేసిన తీరాలలో ఈ జీవులు తగ్గిపోతాయని కాలిఫోర్నియాలో జరిగిన పరిశోధనలు చూపాయి. ప్లాస్టిక్‌ను చేత్తో ఏరి, నాచును ఉన్నచోటే వదలగలిగేది మనిషి కన్నే. స్వచ్ఛంద కార్యకర్త యంత్రం కన్నా మేలని చెప్పగలిగిన సందర్భాలలో ఇదొకటి.

చమురు ఒలికినప్పుడు ఈ విచక్షణ ఇంకా అవసరం. 2007 డిసెంబరులో దక్షిణ కొరియాలోని తేయాన్ తీరంలో హెబేయ్ స్పిరిట్ ఓడ నుంచి 10,000 టన్నులకు పైగా ముడి చమురు ఒలికినప్పుడు పన్నెండు లక్షల మందికి పైగా ప్రజలు వచ్చి, రాళ్లను ఒక్కొక్కటిగా గుడ్డలతో తుడిచారు. అంతటి ప్రజా స్పందన చరిత్రలో అరుదు. దానికి ముందు, 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్దెజ్ ప్రమాదం తరువాత, తీరాన్ని వేడి నీటితో, అధిక పీడనంతో కడిగారు. చమురు తాకిడిని తట్టుకుని మిగిలిన జీవులు కూడా ఆ వేడికి, ఒత్తిడికి చనిపోయాయని తరువాతి పరిశీలనల్లో తేలింది. ఏ రాయిని తుడవాలి, దేన్ని సముద్రానికే వదిలేయాలి అన్నది తెలిసినవారి మార్గదర్శనం లేకుండా, చేతులకు, ముక్కుకు రక్షణ లేకుండా జనాన్ని చమురులోకి దించడం వారి ఆరోగ్యానికీ, తీరానికీ అపకారమే.

కొన్ని పనుల్లో కనిపించే ఫలితం దాదాపు ఉండదు. ఆస్ట్రేలియా దక్షిణ తీరాల్లో హుడెడ్ ప్లోవర్ అనే చిన్న పక్షి, జనం విహారానికి వచ్చే వేసవిలోనే, పోటు గీతకు పైన ఇసుకలో చిన్న గుంట చేసుకుని గుడ్లు పెడుతుంది. మనుషులు, కుక్కలు దగ్గరకు వచ్చినప్పుడల్లా అది గూడు వదిలి దూరంగా వెళుతుంది. ఆ కాసేపట్లో గుడ్లు ఎండకు పాడవుతాయి. పిల్లలు పుట్టిన మరునాటి నుంచే తమ తిండి తామే వెతుక్కోవాలి, కానీ ఎగరడానికి దాదాపు ఐదు వారాలు పడుతుంది. స్వచ్ఛంద కార్యకర్తలు గూడు చుట్టూ తాడు కట్టి, బోర్డు పెట్టి, పిల్లలు దాక్కోవడానికి చిన్న కొయ్య గూళ్లు అమర్చి, వచ్చేపోయేవారికి ఓపికగా విషయం చెబుతారు. రోజుకు గంటలకొద్దీ నిలబడి, ఏమీ జరగకుండా చూడటమే ఆ పని. నివేదికలో రాసుకోవడానికి టన్నులూ హెక్టార్లూ ఉండవు. అయినా ఇలాంటి కాపలా లేని చోట పిల్ల ఎగిరే వయసుకు చేరడం చాలా కష్టం.

నాటడం అసలే వద్దని వీటి అర్థం కాదు. అమెరికాలోని వర్జీనియా అట్లాంటిక్ తీరపు అఖాతాల్లో సముద్రపు గడ్డి 1930లలో ఒక తెగులు వల్ల, 1933 తుపాను వల్ల పూర్తిగా నాశనమైంది. దానితోపాటు అందులో బతికే స్కాలప్ అనే గుల్లజీవీ మాయమైంది. దశాబ్దాలు గడిచినా గడ్డి తిరిగి రాలేదు. నీరు తేటగానే ఉంది, లోతూ సరిపోయింది. విత్తనం మాత్రం అక్కడికి చేరే దారి లేదు. 1990ల చివర మొదలైన ప్రయత్నంలో శాస్త్రవేత్తలు, స్వచ్ఛంద కార్యకర్తలు ఏటా వసంతంలో గడ్డి ఉన్న చోట్లకు ఈదుతూ వెళ్లి విత్తనాలున్న కాడలను చేత్తో కోసి, వేసవంతా తొట్లలో భద్రపరచి, శరదృతువులో చల్లారు. 2020లో ఫలితాలు ప్రచురించే నాటికి ఏడు కోట్లకు పైగా విత్తనాలు చల్లగా, గడ్డి దాదాపు 3,600 హెక్టార్లకు విస్తరించింది. అందులో చాలా భాగం తానుగా వ్యాపించినదే. ఫిలిప్పీన్స్‌లో ఓడి ఇక్కడ గెలవడానికి కారణం ఉత్సాహంలో తేడా కాదు. ఇక్కడ లోపించినది విత్తనమే అని ముందే నిర్ధారించుకున్నారు, లోపించినదాన్నే ఇచ్చారు, ఇరవై ఏళ్లు ఆగకుండా ఇచ్చారు.

స్వచ్ఛంద శ్రమ చేయలేని పనులను కూడా నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. ఎగువన ఆనకట్టలు కట్టి నది ఇసుకను ఆపేస్తే, తీరానికి చేరవలసిన ఇసుక చేరదు. ఒడ్డున కాంక్రీటు గోడ కడితే, పెరుగుతున్న సముద్ర మట్టానికి తగ్గట్టు వెనక్కి జరగవలసిన మడ అడవి, దిబ్బ, బురద మైదానం గోడకూ నీటికీ మధ్య నలిగి అంతరిస్తాయి. ఇవి అనుమతులకు, చట్టాల అమలుకు సంబంధించిన నిర్ణయాలు. వాటిని తీసుకోవలసినవారు తీసుకోకుండా, ప్రజలను మొక్కలు నాటడానికి పిలిచి ఫొటోలు దిగితే, అది ఆ ప్రజల సద్భావాన్ని దుర్వినియోగం చేయడమే.

శ్రమ ఎవరిది, ప్రయోజనం ఎవరికి అన్నది కూడా వదిలేయరాని ప్రశ్న. నగరం నుంచి వారాంతంలో వచ్చేవారికి అది సేవ. అదే మడ అడవిలో పీతలు పట్టి, కట్టెలు ఏరి బతికేవారికి అది జీవనాధారం మీద ఆంక్ష కావచ్చు. కెన్యాలోని గాజీ అఖాతంలో 2013లో మొదలైన మికోకో పమోజా పథకం ఈ ముడిని కొంతవరకు విప్పింది. అక్కడి గ్రామాల ప్రజలు 117 హెక్టార్ల మడను కాపాడుతూ, ఆ అడవి గాలి నుంచి పీల్చి నిల్వ చేసే కార్బన్‌కు ప్రతిగా, కార్బన్ క్రెడిట్ల అమ్మకం ద్వారా వచ్చే సొమ్మును తాగునీటికి, బడులకు వాడుకుంటున్నారు. దేనికి వాడాలో గ్రామస్థులే నిర్ణయించుకుంటారు. కట్టెల అవసరం తీరడానికి వేరే చెట్లు కూడా పెంచుతున్నారు. అడవిని కాపాడాలంటే, అడవి మీద ఆధారపడినవారి రోజువారీ అవసరానికి మరో దారి చూపాలన్న మామూలు విషయాన్ని ఆ గ్రామాలు లెక్కలోకి తీసుకున్నాయి.

ఇక లెక్క మార్చడం ఎలా అన్నదానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. నాటిన మొక్కల సంఖ్యకు బదులు మూడేళ్ల తరువాత, ఐదేళ్ల తరువాత బతికి ఉన్నవాటి సంఖ్యను నివేదిక మొదటి పేజీలో పెట్టవచ్చు. ఒక్క మొక్కా మిగలని చోటు గురించీ అంతే వివరంగా రాయవచ్చు. ఒకే చోటు నుంచి ఫొటోలు తీస్తూ ఉండటం కూడా ఎంతో చెబుతుంది. 2017లో సిడ్నీ తీరంలో మొదలైన కోస్ట్‌స్నాప్ పద్ధతిలో ఒడ్డున ఒక స్తంభానికి ఫోన్ పెట్టుకునే చిన్న పీట బిగిస్తారు. దారిన పోయే ఎవరైనా అందులో ఫోన్ ఉంచి ఫొటో తీసి పంపవచ్చు. కోణం మారదు కనుక వేర్వేరు మనుషులు, వేర్వేరు రోజుల్లో తీసిన చిత్రాలను పక్కపక్కన పెట్టి, తీర రేఖ ఎంత జరిగిందో కొలుస్తారు. తుపాను మరునాడు కోసుకుపోయిన దిబ్బ, కొన్ని నెలలకు దాని పాదం దగ్గర పేరుకున్న కొత్త ఇసుక, ఆ ఇసుక మీద మొదటి తీగ పాకిన రోజు, అన్నీ ఆ వరుసలో తేదీతో సహా కనిపిస్తాయి.